మంచుమీద పాదలేఖనము

ఎడింబరో నగరమున 18వ శతాబ్దమందు ఒక స్కేటింగు క్లబ్బు ఉండెను. శీతకాలమున చెరువులు గడ్డకట్టగనే బూట్లకు ఇనుప బ్లేడులు బిగించుకొని విహరించు పెద్దమనుష్యుల సంఘమది. అందు చేరగోరువాడు ముందుగా ఒక పరీక్షకు నిలువవలసియుండెను. ఒంటికాలిపై జారుచు మంచుమీద సంపూర్ణమైన వలయమును గీయవలెను. ఒక కాలితో గీసిన చాలదు, రెండవకాలితోను గీయవలెను. అటుపిమ్మట మంచుపై నుంచిన ఒక టోపీని, తరువాత ఒకదానిపై నొకటి పెట్టిన రెండు టోపీలను, తుదకు మూడు టోపీలను దుమికి దాటవలెను. నేడు ఫిగర్ స్కేటింగు అని లోకము వ్యవహరించు విద్యయొక్క రెండంగములును, గీతయు గంతును, ఆ పరీక్షలోనే కలవు. గీత ముందు, గంతు వెనుక. ఈ వరుస ఎట్లు తారుమారైనదో తెలిసికొనుట ఆ విద్య చరిత్రను తెలిసికొనుటయే యని నా నమ్మకము.

గీతకు గల గౌరవము ఊరక కలిగినది కాదు. స్కేటింగు బ్లేడు అడుగున ఒకే పదునైన అంచు ఉండునని చూడనివారు తలంతురు, వాస్తవము వేరు. సుమారు 4 మిల్లీమీటర్ల మందము గల ఆ ఉక్కుపట్టీ అడుగున పొడవునా సన్నని గాడి యొకటి తొలిచియుండును. ఆ గాడికి అటునిటు రెండంచులు, ఒకటి లోపలిది, రెండవది వెలుపలిది. దేహము ఏ వైపునకు ఒరిగిన ఆ వైపు అంచు మంచును పట్టుకొనును. అట్లు పట్టుకొన్న అంచు తిన్నగా పోక వంపు తిరుగును. రెండు పాదములు, పాదమునకు రెండంచులు, ముందునకు గాని వెనుకకు గాని గమనము: ఈ లెక్కను ఏర్పడు ఎనిమిది తెఱగుల వంపులే ఈ విద్యకు మూలధనము. పాదము మార్చకయే ఒక వంపునుండి మఱియొక వంపునకు దాటుటకు త్రీ టర్ను, బ్రాకెట్, రాకర్, కౌంటర్ అను మలుపులును, పాదము మార్చి దాటుటకు మొహాక్, చాక్టా అను అడుగులును కాలక్రమమున స్థిరపడినవి.

వీనిలో రాకరు నొక్కదానిని దగ్గఱగా చూతము. స్కేటరు వెలుపలి అంచుపై ముందునకు సాగుచు, భుజములను వంపు లోపలికి మెల్లగా త్రిప్పి, భారమును మునిగాలిపైకి తెచ్చి, మడమను రవంత తేల్చి, ఒక్క క్షణమున వెనుకకు తిరుగును. తిరిగిన పిమ్మటను వెలుపలి అంచే కాని, ఇప్పుడు వంపు ఎదురుదిశకు పోవుచున్నది. తిరిగినచోట మంచుపై చిన్న మొన యొకటి మిగులును. ఆ మొనకు ఇరుప్రక్కల గీత ఒంటిగీతగా నిలిచినచో మలుపు శుద్ధము. రెండంచులును ఒక్కసారి తాకి జంటగీత పడినచో దోషము. మన కూచిపూడి సంప్రదాయమున సింహనందినీ తాళమునకు ఆడుచు నర్తకి రంగుపొడిమీద పాదములతో సింహరూపమును చిత్రించుటను చూచినవారికి ఈ లేఖనము వింత గొలుపదు. అచటను ఆట ముగిసి ఆ చిత్రమును ఎత్తి చూపినగాని పాదము ఏమి వ్రాసినదో సభకు తెలియదు.

1772లో రాబర్ట్ జోన్స్ లండనున ప్రచురించిన గ్రంథము స్కేటింగును గూర్చిన తొలి గ్రంథముగా ప్రసిద్ధము. అటుతరువాతి శతాబ్దమున ఆంగ్లేయులు ఈ గీతావిద్యను మిక్కిలి నియమబద్ధము గావించిరి. మంచు నడుమ ఒక నారింజపండు నుంచి, దానిని కేంద్రముగా గొని, నాయకుడు పిలిచిన పిలుపు ననుసరించి, పలువురు ఒక్కసారిగా దాని దరికి వచ్చుచు, దూరమగుచు, మలుపులు తిరుగుచు ఆకృతులు గీయుదురు. దేహము నిటారుగా నుండవలెను; చేతులు ప్రక్కలకు అంటియుండవలెను; ముఖమున ఆయాసము కనబడరాదు. అందలి క్రమశిక్షణ శ్లాఘ్యమే. కాని ఆ నిగ్రహమున రసమునకు చోటులేకపోయెను.

ఆ లోటును తీర్చినవాడు జాక్సన్ హెయిన్స్ అను అమెరికను. నృత్యవిద్య నెఱిగిన ఆతడు స్వదేశమున తగిన ఆదరము గానక 1860 దశకమున యూరపునకు వెడలిపోయెను. వాల్ట్జు సంగీతముతో మార్మ్రోగుచుండిన వియన్నా నగరము ఆతనిని అక్కున జేర్చుకొన్నది. అంతవఱకు పాదములకే పరిమితమై యుండిన విద్యలోనికి ఆతడు బాహువులను, నడుమును, చూపును తెచ్చెను. సంగీతమున కనుగుణముగా మంచుపై నర్తించెను. కూర్చున్న భంగిమయందు ఒంటికాలిపై గిరగిర తిరుగు సిట్ స్పిన్ ఆతని సృష్టియే. 1875లో ఫిన్లండున ఆతడు కన్నుమూసెను; కాని వియన్నా శిష్యులద్వారా ఆతని మార్గమే అంతర్జాతీయ మార్గమై నిలిచినది. గీతను ఆతడు త్రోసిపుచ్చలేదు, దానికి ప్రాణము పోసెను. ఈ భేదమును తరువాతివారు తఱచు మఱచిరి.

అంతర్జాతీయ స్కేటింగు సంఘము 1892లో హాలండునందలి షెవెనింగెన్‌లో ఏర్పడెను. 1896లో సెయింట్ పీటర్స్‌బర్గున మొదటి ప్రపంచపోటీ జరిగెను. నాడు గంతులు లేకపోలేదు. 1882లోనే నార్వే దేశీయుడు ఏక్సెల్ పాల్సెన్ వియన్నాలో, ముందునకు సాగుచు ఎగసి గాలిలో ఒకటిన్నర చుట్టు తిరిగి దిగెను. నేటికిని ఆ గంతు ఆతని పేరనే చెల్లుచున్నది. స్వీడను వీరుడు ఉల్రిక్ సాల్కో పదిసార్లు ప్రపంచ విజేతయై తన పేర మఱియొక గంతును నిలిపెను. అయినను నాటి కిరీటములకు ఆధారము గీతయే. 1908 లండను ఒలింపిక్సులో, స్కేటర్లు స్వయముగా కల్పించుకొన్న జటిలాకృతులకు ప్రత్యేకముగ ఒక పోటీ పెట్టగా, అందు గెలిచి రష్యాకు తొలి ఒలింపిక్ స్వర్ణము తెచ్చినవాడు నికొలాయ్ పానిన్.

కంపల్సరీ ఫిగర్స్ అను నిర్బంధాకృతుల పోటీ సాగిన తీరును నేటి యువకు లెఱుగరు. సంగీతము లేదు, చప్పట్లు లేవు. స్కేటరు నిర్మలమైన మంచుపై నిలిచి, ఒక్క త్రోపుతో బయలుదేరి, ఒంటికాలిపై తన యెత్తునకు సుమారు మూడింతల వ్యాసము గల వలయమును గీసి, బయలుదేరిన బిందువునకే వచ్చి, రెండవ పాదముతో ప్రక్క వలయమును గీయును. ఇట్లు ముమ్మాఱు. మూడు పర్యాయముల గీతలును ఒకదానిపై నొకటి పడవలెను. ఆతడు తొలగిన పిమ్మట న్యాయనిర్ణేతలు మంచుపైకి వచ్చి, నడుము వంచి, కొందఱు మోకరిల్లి, గీతల యెడమును, మలుపుల మొనలను పరిశీలింతురు. ఈ అభ్యాసమునకై పిల్లలు తెల్లవాఱుజామున రింకులో తమ వంతు మంచుముక్కను, వారి మాటలో ప్యాచ్‌ను, అద్దెకు దీసికొని గంటల తరబడి ఒకే గీతను దిద్దుకొనుచుండిరి. మొత్తము మార్కులలో చాలకాలము నూటికి 60 వంతులు దీనివే.

ఇంతటి అధికారము దేనికిని శ్రేయస్కరము కాదు. 1972 సపోరో ఒలింపిక్సులో ఆస్ట్రియా యువతి బియట్రిక్స్ షూబా ఆకృతులలో ఎవ్వరికిని అందనంత యెత్తున నిలిచి, సంగీతముతో సాగు రెండవ భాగమైన స్వేచ్ఛానర్తనమున ఏడవదిగా వచ్చియు స్వర్ణము గైకొనెను. స్వేచ్ఛానర్తనమున మొదటిదైన అమెరికను బాలిక జానెట్ లిన్, ఒక స్పిన్నులో జారిపడి మంచుపై కూర్చుండియు చిఱునవ్వు వీడక జపాను ప్రజల హృదయములను చూఱగొన్న ఆ సుకుమారి, కాంస్యముతో తృప్తిపడవలసివచ్చెను. టెలివిజనులో స్వేచ్ఛానర్తనమును మాత్రమే చూచిన లోకులకు ఈ తీర్పు బోధపడలేదు. 1968లోనే సగమునకు దిగిన ఆకృతుల భాగము, 1973లో షార్ట్ ప్రోగ్రాం అను లఘునర్తనపు ప్రవేశముతో మఱింత తగ్గెను. అప్పటికిని 1988లో కాల్గరీయందు త్రిభ్రమణ లంఘనములతో సభను విస్మయపఱచిన జపాను యువతి మిదోరి ఇతో, ఆకృతులలో పదవ స్థానమున నుండుటచే అయిదవదిగా మిగిలెను. ఇట్టి అన్యాయములను సమర్థింప నేను పూనుకొనను. 1990 హాలిఫాక్సు ప్రపంచపోటీతో నిర్బంధాకృతులు ముగిసెను. భారమును తగ్గించుట న్యాయమే; సమూలముగ పెఱికివేయుట మాత్రము పొరపాటు. పరీక్ష పోవుటతో ప్యాచ్ అభ్యాసమును పోయెను. ఆ గంటలన్నియు గంతుల పాలయ్యెను.

గీతలో శిక్షితమైన దేహము రసమును ఎంతవఱకు పండింపగలదో జాన్ కర్రీని చూచినవా రెఱుగుదురు. బర్మింగుహాములో పుట్టిన ఆ బాలుడు బ్యాలే నేర్వగోరగా తండ్రి సమ్మతింపక, క్రీడ గదా యని స్కేటింగునకు మాత్రము అనుమతించెను. 1976లో యూరపు, ఒలింపిక్, ప్రపంచ విజయములు మూడును ఒక్క యేట ఆతనివయ్యెను. ఇన్స్‌బ్రుకులో ఆతడు డాన్ కిహోటే బ్యాలే సంగీతమునకు నర్తించుచుండ, గంతునకు ముందు తటపటాయింపు గాని, దిగినపిమ్మట తొట్రుపాటు గాని కానరాదు; ఒక అంచు ముగియుట మఱియొక అంచు మొదలగుటయే యన్నట్లు సాగును. 1984లో సరాయెవోయందు బొలేరో సంగీతమునకు నర్తించిన టోర్విల్, డీను దంపతులు కారు గాని, రెండు దేహములు ఒకే వంపున ఒరుగుట యెట్టిదో లోకమునకు చూపిరి. కళాభివ్యక్తికి న్యాయనిర్ణేతలందఱును వారికి పూర్ణాంకమైన 6.0 ఇచ్చిరి.

గంతుల చరిత్ర వేఱొక వేగమున నడిచెను. 1948లో డిక్ బటన్ డబుల్ ఏక్సెలు, 1952లో త్రిభ్రమణము, 1988లో కర్ట్ బ్రౌనింగ్ చతుర్భ్రమణము, 2022లో ఇల్యా మలీనిన్ నాలుగున్నర చుట్ల ఏక్సెలు. ఇవి మానవదేహము సాధించిన అద్భుతములే. వానిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. అయితే గంతు గాలిలో పుట్టునది కాదు. లట్జు అను గంతునకు వెనుకకు సాగు వెలుపలి అంచుపైనుండియే ఎగయవలెను. ఎగయుటకు ముందు పాదము లోపలి అంచునకు వాలినచో న్యాయనిర్ణేతలు దానిని దోషముగ గుర్తించి మార్కులు తగ్గింతురు. అనగా గంతునకు యోగ్యతాపత్రము నిచ్చునది గీతయే. అంతేకాదు, పురుషుల స్వేచ్ఛానర్తనము నాలుగు నిమిషములు. ఒక్కొక్క గంతు గాలిలో నిలుచునది సెకనుకు లోపే. అన్ని గంతులను కూడినను పది సెకనులకు మించదు. మిగిలిన కాలమంతయు పాదము మంచుపైననే యున్నది.

మఱి విలువ యెట్లు కట్టుచున్నారు? ఇటీవలి పట్టిక ప్రకారము క్వాడ్ టో లూపు అను చతుర్భ్రమణ లంఘనమునకు మూలవిలువ 9.50, మంచునంతటిని ఆక్రమించుచు, కఠినమైన మలుపులను రెండువైపులను తిరుగుచు, దేహమంతటితో సంగీతమును పలికించు స్టెప్ సీక్వెన్సు అత్యున్నత స్థాయి నందుకొన్నను 3.90. స్కేటింగు నైపుణ్యమునకు వేఱుగ మార్కులున్న మాట నిజమే. అయినను గంతుల పోటీలో అవి తూగలేకున్నవి. 2022 బీజింగు ఒలింపిక్సులో జేసన్ బ్రౌన్ ఒక్క చతుర్భ్రమణమైనను లేకయే ఆఱవ స్థానము పొందెను. అంచుల లోతుచేతను, అడుగుల నాణ్యతచేతను సాధించిన ఆ స్థానము నా దృష్టిలో పతకమునకు తీసిపోదు.

నిర్బంధాకృతులను మరల తెమ్మని నేను కోరను. స్టెప్ సీక్వెన్సు విలువను కనీసము రెట్టింపు చేయుడని అంతర్జాతీయ సంఘమును కోరుచున్నాను. పాఠకులకును ఒక మనవి: ఈసారి టెలివిజనులో ఈ క్రీడను చూచునపుడు గంతులను లెక్కపెట్టుట మాని, ఒక గంతునకును మఱియొక గంతునకును నడుమ స్కేటరు పాదములను చూడుడు.