సభాపతి పీఠము

లోక్‌సభలో స్పీకరు లేచి నిలిచిన తక్షణమే మాటాడుచున్న సభ్యుడెంతటివాడైనను మాట చాలించి కూర్చుండవలెను. ఈ నియమమునకు బలమిచ్చు గౌరవమును పూర్వము కొందఱు తమ నడవడిచేత గడించి పెట్టిరి. 1921లో వెలసిన కేంద్ర శాసనసభకు ప్రథమాధ్యక్షుడు ప్రభుత్వము నియమించిన ఫ్రెడరిక్ వైట్ దొర. 1925 ఆగస్టులో సభ్యులు తామై యెన్నుకొన్న తొలి అధ్యక్షుడు విఠల్‌భాయి పటేలు. ఆయనకు రంగాచారియారుపై దక్కిన ఆధిక్యము రెండే ఓట్లు. అంత బొటాబొటిగా నెగ్గినవాడు తన పక్షమును కనిపెట్టుకొని యుండుననుకొనుట లోకసహజము. ఆయన మాత్రము పీఠమెక్కినదే తడవుగా స్వరాజ్యపక్షముతో తెగతెంపులు చేసికొనెను.

విదేశీయులగు కమ్యూనిస్టులను వెడలగొట్టుటకై ప్రభుత్వము తెచ్చిన ప్రజారక్షణ బిల్లుపై 1928లో ఓట్లు సరిసమానము కాగా, ఇట్టి అసాధారణ శాసనమును కోరువారు తమ బలముతోనే సభను ఒప్పింపవలెనని చెప్పి, పటేలు తన నిర్ణాయకపు ఓటును బిల్లునకు ప్రతికూలముగా వేసెను. మరుసటి యేడు అదే బిల్లు మరల వచ్చినది. అప్పటికి కమ్యూనిస్టులపై మోపిన మీరట్ కుట్రకేసు న్యాయస్థానమున నున్నందున, కేసు ప్రసక్తి లేక బిల్లును చర్చించుట అసాధ్యమనియు, రెంటిలో నొకదానిని విరమింపుడనియు ఆయన హితవు చెప్పెను, ప్రభుత్వము వినలేదు. ఏప్రిల్ 8న రూలింగు చెప్ప లేచుచుండగనే గ్యాలరీనుండి భగత్‌సింగు, బటుకేశ్వర దత్తులు విసరిన బాంబులు ప్రేలినవి. పొగ విరిసిన మూడవనాడు, ఏప్రిల్ 11న, ఆయన తొణకక బిల్లు చర్చార్హము కాదని తీర్పు చెప్పెను. వైస్రాయి ఆర్డినెన్సును ఆశ్రయింపవలసి వచ్చినది. సభలో గెలువలేని ప్రభువునకు అంతకంటె గతియేమి?

1946లో మూడు ఓట్లతో ఆ పీఠమెక్కిన మావలంకరు 1952లో లోక్‌సభకు తొలి స్పీకరయ్యెను. 1954 డిసెంబరులో ఆయనను తొలగింపుమను తీర్మానము వచ్చినపుడు అధ్యక్షత వహించినవాడు తిరుచానూరున బుట్టిన ఉపసభాపతి మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తీర్మానము వీగిపోయినది, 1956లో మావలంకరు మరణానంతరము ఆ పీఠము అయ్యంగారికే దక్కినది.

1967లో ఆ పీఠమునకై పోటీ పడినవారిరువురు తెలుగువారే: హిందూపురమునుండి వచ్చిన నీలం సంజీవరెడ్డి, ప్రతిపక్షముల యభ్యర్థి తెన్నేటి విశ్వనాథం. 278 ఓట్లకు 207 వచ్చి తెన్నేటి ఓడెను. నెగ్గిన రెడ్డి, పటేలు త్రోవనే త్రొక్కి, ముప్పదినాలుగేండ్ల కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా యిచ్చెను. ఆ త్యాగము నిక్కమైనదేనని నా నమ్మకము. కాని స్పీకరు పదవి దిగినవానికి ఆశ్రయము పక్షము గాక మరెక్కడ? 1969 జూలైలో ఆయన ఆ పదవిని వదలి, తాను విడిచిన కాంగ్రెసుకే అధికారాభ్యర్థియై రాష్ట్రపతి పదవికి నిలిచెను; ప్రధాని అంతరాత్మ ప్రబోధానుసారము ఓటు వేయుడనగా, మరియొక తెలుగువాడు వి.వి. గిరి నెగ్గెను.