ఊపిరి ఆగే నిద్ర

పేకాటలో మూడు ఆసులు, రెండు రాజులు చేతికొచ్చాయి. అయినా ఆ అమెరికన్ వ్యాపారవేత్త పందెం కాయలేదు. ముక్కలు పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆ తర్వాత ఆస్పత్రిలో చేరిన అతని కేసును వైద్యుడు బర్వెల్, ఆయన సహచరులు 1956లో ప్రచురించారు. డికెన్స్ నవల ‘పిక్‌విక్ పేపర్స్’లో ఎక్కడపడితే అక్కడ కునికే లావుపాటి కుర్రాడు జోని గుర్తుచేసుకుని, ఈ జబ్బుకు పిక్‌విక్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఒళ్ళు లావెక్కి ఊపిరి చాలక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడమే ఆ మత్తుకు కారణమని వారు భావించారు. రోగిని పగలు పరీక్షించినవారికి అంతకు మించి తెలిసే వీలు లేదు.

రాత్రి ఏం జరుగుతోందో చూసింది 1965లో. ఫ్రాన్స్‌లోని మార్సేలో గాస్టో బృందం, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో యుంగ్, కులో వేర్వేరుగా ఇలాంటి రోగుల నిద్రను నమోదు చేశారు. రోగి ఊపిరి మాటిమాటికీ ఆగిపోతోంది. ఛాతీ గాలి కోసం పెనుగులాడుతున్నా గొంతు మూసుకుపోయి ఉంటోంది. మెదడు ఉలిక్కిపడి లేపితేనే మళ్ళీ గాలి ఆడుతోంది. ఇళ్ళలో గురకను గాఢనిద్రకు గుర్తుగా చూసిన రోజుల్లో ఇది పెద్ద మలుపు. 1976లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో, సహచరులు దీన్ని స్లీప్ ఆప్నియాగా స్థిరపరిచారు.

అప్పటికి ఉన్న గట్టి చికిత్స మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టడమే. 1980 జూన్‌లో సిడ్నీలో ఒక రోగి దానికి ఒప్పుకోలేదు. వైద్యుడు కోలిన్ సలివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి తోసే యంత్రం తయారుచేసి, దాని గొట్టాన్ని ఆ రోగి ముక్కుకు బిగించారు. ఆ కొద్దిపాటి ఒత్తిడికే గొంతు తెరుచుకుని నిలిచింది. మర్నాడు ఆ మనిషి పగలంతా మెలకువగా ఉన్నాడు! ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981లో ‘లాన్సెట్’లో వెలువడ్డాయి. నేటి సీప్యాప్ యంత్రాలన్నిటికీ మూలం అదే.

గొంతు ఎందుకు మూసుకుంటుందన్న ప్రశ్న మాత్రం మిగిలింది. కొవ్వు, చిన్న దవడ, నిద్రలో సడలే కండరాలు చాలావరకు జవాబు చెప్పాయి. 1990ల్లో శస్త్రచికిత్సలో తీసిన కొండనాలుకలను సూక్ష్మదర్శిని కింద పెడితే మరో సంగతి బయటపడింది. అవి నీరుపట్టి, రోగనిరోధక కణాలతో నిండి ఉన్నాయి. రాత్రంతా గురక అదురు, మూసుకున్న గొంతులోంచి గాలిని లాగే ఒత్తిడి ఆ మెత్తటి పొరను గాయపరుస్తాయి. వాచిన దారి ఇంకా ఇరుకవుతుంది.

దీనికి ఆక్సిజన్ ఎగుడుదిగుళ్ళు తోడవుతాయి. కొండ ప్రాంతాల్లో ఆక్సిజన్ ఎప్పుడూ తక్కువే, ఒళ్ళు దానికి మెల్లగా అలవాటుపడుతుంది. ఆప్నియాలో అలా కాదు. రక్తంలో ఆక్సిజన్ ఒక్కోసారి 80 శాతం కిందికి జారి, ఊపిరి అందగానే ఎగబాకి, మళ్ళీ పడుతుంది. జబ్బు ముదిరితే గంటకు 30సార్లకు పైగానే. 2005లో డబ్లిన్ శాస్త్రవేత్తలు కణాలకు ఇలా ఆక్సిజన్ తగ్గిస్తూ, పెంచుతూ చూశారు. కొరతకు సర్దుకోవడానికి పనికొచ్చే హెచ్‌ఐఎఫ్-1 పెద్దగా కదల్లేదు. వాపును రగిలించే ఎన్‌ఎఫ్-కప్పా బి మాత్రం మేల్కొంది. రోగుల రక్తంలో ఎక్కువగా ఉన్న వాపు సంకేతం టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, సీప్యాప్ వాడాక తగ్గింది. ఈ చరిత్ర అంతటిలోకీ విలువైన ప్రయోగం ఇదే అనిపిస్తుంది. ఆక్సిజన్ ఎంత తగ్గిందన్నదొక్కటే చూస్తే చాలదనీ, ఎలా పడి లేస్తోందో కూడా చూడాలనీ అది చూపింది.

అంతకుముందే, 2002లో, ఇటలీ పరిశోధకులు రోగులు వదిలిన ఊపిరిని చల్లబరిచి నీటిచుక్కలుగా పట్టి పరీక్షించారు. అందులోనూ వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగానే ఉంది.

ఆస్తమా కూడా శ్వాసమార్గపు వాపు జబ్బే కాబట్టి ఆ రోగులకు ఇది దగ్గరి విషయం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి నిద్రలో పరీక్షిస్తూ వచ్చిన అధ్యయనం 2015లో ఒక లెక్క చెప్పింది. మొదట ఆప్నియా లేనివారిలో, నాలుగేళ్ళ వ్యవధిలో ఆస్తమా ఉన్నవారిలో 27 శాతం మందికి, లేనివారిలో 16 శాతం మందికి ఆ జబ్బు వచ్చింది. ఆస్తమా ఎంత పాతదైతే ముప్పు అంత ఎక్కువ. అందుకే మందులకు లొంగని ఆస్తమాతో వచ్చినవారిని ఛాతీ వైద్యులు ఇప్పుడు గురక గురించి, పగటి నిద్ర గురించి కూడా అడుగుతున్నారు.