తెలుగు కౌబాయ్ చిత్రాలు

తెలుగు కౌబాయ్ చిత్రాలు అనగా అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువుల కాపరుల కథలతో హాలీవుడ్‌లోను, తరువాత ఇటలీలోను తయారైన చిత్రాల పద్ధతిని అనుసరించి తెలుగులో నిర్మించబడిన చలనచిత్రాలు. గుర్రపుస్వారీలు, తుపాకి కాల్పులు, నిధికోసం వెదుకులాట, పగ తీర్చుకోవడం వీటిలోని ప్రధానాంశాలు. 1971లో విడుదలైన మోసగాళ్ళకు మోసగాడు తెలుగులో ఈ కోవకు చెందిన మొదటి చిత్రంగా ప్రసిద్ధి చెందినది.

నేపథ్యం

1960వ దశకంలో తెలుగు ప్రేక్షకులకు సాహస చిత్రమంటే ప్రధానంగా కత్తియుద్ధాల జానపదమే. బి. విఠలాచార్య దర్శకత్వంలోని జానపదాలు ఆనాడు విశేష ప్రజాదరణ పొందాయి. 1966లో కృష్ణ కథానాయకుడుగా వచ్చిన గూఢచారి 116 విజయంతో కత్తి స్థానంలోకి తుపాకి వచ్చింది. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన రౌడీ రాణి చిత్రంలో, తన వారిని చంపినవారిపై పగ తీర్చుకొనే యువతిగా విజయలలిత నటించింది. నాయిక స్వయంగా పోరాటాలు చేయడం ఈ చిత్రం ప్రత్యేకత. దీనిని దాస్ 1972లో రాణీ మేరా నామ్ పేరుతో హిందీలో తీశాడు.

మోసగాళ్ళకు మోసగాడు

ఈ చిత్రం 1971 ఆగష్టు 27న విడుదలైంది. పద్మాలయా సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచయిత ఆరుద్ర, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి, సంగీత దర్శకుడు పి. ఆదినారాయణరావు. కృష్ణ, విజయనిర్మల, నాగభూషణం ముఖ్య పాత్రధారులు. రాజస్థాన్ ఎడారిలో చాలా భాగం చిత్రీకరించారు. ఆంగ్లంలో ట్రెజర్ హంట్ అనే పేరుతో అనువదించబడి విదేశాలలో కూడా ప్రదర్శింపబడింది.

అనుకరణ, స్వంతదనం

ఈ చిత్రంపై ఇటలీ దర్శకుడు సెర్జియో లియోన్ చిత్రాల ప్రభావం స్పష్టం. అయితే లియోన్ 1964లో తీసిన మొదటి కౌబాయ్ చిత్రానికి కూడా జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన యోజింబో ఆధారం. కనుక ఒక దేశపు కథ మరొక దేశంలో కొత్త వేషం ధరించడం ఈ తరహా చిత్రాలకు సహజ లక్షణం. ఆరుద్ర కథను ఆంగ్లేయులు ఆంధ్ర సంస్థానాలను చేజిక్కించుకుంటున్న కాలానికి మార్చి, నిధిని ఒక సంస్థానపు సొత్తుగా చేశాడు. నక్కజిత్తుల నాగన్న వంటి పాత్రలు పేరులోను, మాటతీరులోను అచ్చమైన తెలుగు పాత్రలు. వేషం పరాయిదైనా ప్రేక్షకులు ఈ చిత్రాన్ని ఆదరించడానికి ఇది ఒక ముఖ్య కారణంగా భావించవచ్చును.

భారతదేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా కూడా దీనిని పేర్కొంటుంటారు. కాని తమిళంలో ఎం. కర్ణన్ దర్శకత్వంలో 1970లో వచ్చిన కాలం వెల్లుం చిత్రం కూడా ఈ కోవకు చెందినదే. హిందీ చిత్రం షోలే 1975లో వచ్చింది.

తరువాతి కాలం

చిరంజీవి నటించిన కొదమసింహం (1990), మహేష్ బాబు నటించిన టక్కరి దొంగ (2002) ఇదే పద్ధతిలో వచ్చాయి. టక్కరి దొంగలో కృష్ణ అతిథి పాత్రలో కనిపిస్తాడు. పోరాట నాయిక సంప్రదాయం విజయలలితకు మేనకోడలైన విజయశాంతి నటించిన కర్తవ్యం (1990)లో కొనసాగింది.

దర్శకుడు దాస్ 2012లోను, కృష్ణ 2022లోను మరణించారు. 2023 మే 31న, కృష్ణ జయంతి సందర్భంగా, మోసగాళ్ళకు మోసగాడు చిత్రాన్ని 4కె సాంకేతికతతో మెరుగుపరచి తిరిగి విడుదల చేశారు. తొలి విడుదల తరువాత 50 ఏళ్ళకు పైగా గడిచిన ఈ చిత్రాన్ని కొత్త తరం వెండితెరపై చూసే అవకాశం దీనివలన కలిగింది.