‘జనం తక్కువ’ అన్న దీవిలో మన జనం



జనవరిలో ఒక ఆదివారం మా హాస్టల్ పిల్లకాయలం ఆరుగురం పులికాట్ చూద్దామని పోయాం. నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకు రైలు, అక్కడి నుంచి ఆటో. 2022లో ఆ ప్రాంతాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మాకు అది ఇంకా నెల్లూరు తీరమే. రోడ్డు సరస్సు మధ్యలో పోతుంది. రెండు పక్కలా నీళ్లు, బురద, దూరంగా ఫ్లెమింగోలు. అటకానితిప్ప దగ్గర దిగాం. రోడ్డు చివర శ్రీహరికోట. పాస్ లేనిదే లోపలికి పోనివ్వరు.

అక్కడ నీళ్లలో ఒక అవ్వ చేత్తో తడిమి రొయ్యలు పడతా ఉంది. తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకోనుంది. మమ్మల్ని చూసి బుట్ట తీసి, “ఏ వూరు నాయనా మీది?” అనింది. మేమూ యానాదులమే అవ్వా అంటే నవ్వింది. “మా అమ్మా నాయనా ఆ దీవిలోనే పుట్నారు” అని తూర్పు దిక్కు చెయ్యి చూపించింది.

మేం ఆ దీవిని రాకెట్లతోనే చదువుకున్నాం. తిరిగొచ్చాక లైబ్రరీలో వెతికాం.

శ్రీహరికోట 1835లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అప్పటికే అక్కడి అడవిలో మన యానాదులు ఉన్నారు. తేనె, కుంకుళ్లు, సుగంధి వేర్లు, ముసిడి గింజలు ఏరి తెచ్చి సర్కారుకు ఇచ్చేవాళ్లు. బదులుగా ధాన్యం, బట్టలు, పొగాకు, కొంచెం డబ్బు ఇచ్చేవాళ్లంట. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకంలో ఈ సంగతులున్నాయి. ఆ దీవి పక్కనే బకింగ్‌హాం కాలవ పోతుంది. 1876-78 కరువులో కూలి పనుల కింద దాన్ని బాగా పొడిగించారు. శ్రీహరికోట కట్టెలు ఆ కాలవలో పడవల మీద మద్రాసుకు పోయేవి. అంటే మద్రాసు పొయ్యిల్లో మండింది మన దీవి అడవి.

1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. కారణాలు మనం పరీక్షల్లో రాసేవే: తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గర, జనం తక్కువ. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. దానికి ముందూ వెనకా చాలా కుటుంబాలు దీవి వదిలి ఇవతలి గట్టుకు వచ్చేశాయి.

ఆ మూడో కారణం దగ్గర మేం ఆగిపోయాం. ‘జనం తక్కువ’ అంటే ఆ తక్కువ జనం ఎవరు? అవ్వ వాళ్ల అమ్మ, నాయన. పరీక్షలో ఆ పాయింటు రాసి మార్కులు తెచ్చుకున్నోళ్లం మేమే.

రాకెట్ల మీద మాకు కోపం లేదు. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు హాస్టల్ టీవీ ముందు చప్పట్లు కొట్టినోళ్లమే. ఆ దీవి కథ రాసేటప్పుడు అందులో మన వాళ్లు కూడా ఉండాలనేదే మా మాట.

2011 లెక్కల్లో యానాదులం ఐదు లక్షలకు పైనే. ఇప్పుడు కాలేజీ దాకా వచ్చినోళ్లం కొంతమందిమి ఉన్నాం. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో మీ అవ్వాతాతల దగ్గర కూర్చోండి. దీవిలో వాళ్ల పల్లె పేరేంది, ఏ చెట్టు కింద దేవర ఉండేది, ఎప్పుడు, ఎట్లా ఇవతలికొచ్చారు, అడిగి నోట్‌బుక్కులో రాసుకోండి. తేదీ కూడా వెయ్యండి.

మేం ఆ అవ్వను వాళ్ల పల్లె పేరు అడగడం మర్చిపోయాం. మళ్లీ పోవాలి.