విమానం నడిపే 'యోగ్యత' ఎవరిది? పైలట్ పరీక్షల చరిత్ర చెప్పే సంగతులు

"రిజర్వేషన్ పైలట్ నడిపే విమానం ఎక్కుతారా?" 1990లో మండల్ వ్యతిరేక ఆందోళనల కాలం నుంచీ మన నోరు మూయించడానికి ఇట్లాంటి ప్రశ్నలు వాడుతూనే ఉన్నారు. విమానం నడిపే యోగ్యత కొందరికి పుట్టుకతో వస్తుంది, మరికొందరికి రాదు అనే నమ్మకం ఈ ప్రశ్న వెనక ఉంది. ఆ యోగ్యతను కొలవడం ఎప్పుడు మొదలైంది, కొలిచినవాళ్లు నిజంగా కొలిచింది ఏమిటి అన్నది చూడాలి. ఈ పరీక్షలను ఎక్కువగా పెంచింది అమెరికా. అక్కడ ఈ చరిత్ర జాతి చరిత్ర కూడా.

1925లో అమెరికా సైనిక యుద్ధ కళాశాల ఒక నివేదిక తయారుచేసింది. నల్లజాతి వాళ్లకు బుద్ధి తక్కువ, ధైర్యం తక్కువ, నాయకత్వానికి పనికిరారు అని దాని సారాంశం. సైనిక విమానాల దగ్గరికి వాళ్లను రానియ్యలేదు. పరీక్ష పెట్టకుండానే ఫెయిల్ చేశారన్నమాట. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1921లో, బెస్సీ కోల్‌మన్ అనే నల్లజాతి మహిళ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. అమెరికాలో ఏ స్కూలూ చేర్చుకోకపోతే ఫ్రెంచి భాష నేర్చుకుని, ఫ్రాన్సు పోయి మరీ సాధించింది.

షికాగోలో కార్నీలియస్ కాఫీ, జాన్ రాబిన్సన్ మోటారు మెకానిక్కులు. తెల్లవాళ్ల మైదానాల్లో చోటు దొరక్క 1930ల మొదట్లో రాబిన్స్ అనే నల్లజాతి ఊళ్లో తోటివాళ్లతో కలిసి సొంత మైదానం వేసుకున్నారు. ఆ తర్వాత కాఫీ, విల్లా బ్రౌన్ కలిసి పైలట్ స్కూలే నడిపారు. 1939లో ప్రభుత్వం పౌర పైలట్ శిక్షణ పథకం పెట్టింది. నల్లజాతి పత్రికలు, సంఘాలు కొట్లాడితే టస్కెగీ, హోవర్డ్ వంటి నల్లజాతి విద్యాసంస్థలకూ అందులో చోటు దొరికింది. 1941 జనవరిలో హోవర్డ్ విద్యార్థి యాన్సీ విలియమ్స్, పైలట్ లైసెన్సు చేతిలో ఉండి కూడా సైన్యం తనను తీసుకోలేదని దావా వేశాడు. ఆ నెలలోనే నల్లజాతి స్క్వాడ్రన్ పెడతామని సైన్యం ప్రకటించాల్సి వచ్చింది. టస్కెగీలో 1941 జూలైలో మొదటి జట్టు 13 మందితో మొదలైంది. 1942 మార్చిలో అయిదుగురు పట్టా పుచ్చుకున్నారు. 1946 దాకా దాదాపు వెయ్యిమంది పైలట్లు అక్కడ తయారయ్యారు. 1948లో ట్రూమన్ సైన్యంలో జాతి వివక్షను రద్దు చేస్తూ ఆదేశమిచ్చాడు.

'శాస్త్రీయ' పరీక్షలు పెద్దఎత్తున వచ్చింది కూడా ఈ యుద్ధకాలంలోనే. జాన్ ఫ్లానగన్ నాయకత్వంలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు రాతపరీక్షలు, యంత్రాల మీద చేయించే పరీక్షలు తయారుచేశారు. కర్రలాంటి కంట్రోలును చేత్తో కదుపుతూ, పెడల్స్ కాళ్లతో తొక్కుతూ, వెలిగే దీపాలకు సరిపోల్చాలి. అన్నీ కలిపి ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక అంకె వేసేవారు. దాన్ని స్టానైన్ అన్నారు. 1943లో వెయ్యిమందికి పైగా అభ్యర్థులను మార్కులతో పనిలేకుండా శిక్షణకు పంపి చూశారు. తక్కువ అంకె వచ్చినవాళ్లు ఎక్కువగా రాలిపోయారు, ఎక్కువ వచ్చినవాళ్లు ఎక్కువగా నిలిచారు. కాబట్టి పరీక్ష ఉత్త బూటకం అని మనం అనలేం. అది దేన్నో కొలిచింది. దేన్ని?

ఆ పరీక్షల గురించి ఎడ్వర్డ్ క్యూర్టన్ తర్వాతికాలంలో ఒక సంగతి బయటపెట్టాడు. అభ్యర్థి జీవిత వివరాల్లో ఒక ప్రశ్న ఉండేది: నువ్వు ఎప్పుడైనా ఎగిరే బొమ్మ విమానం తయారుచేశావా? ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు, దాదాపు మొత్తం పరీక్షలన్నీ కలిపి చెప్పినంత బాగా గెలుపోటములను చెప్పగలిగిందట. బొమ్మ విమానం చెయ్యాలంటే తేలికపాటి కర్ర కావాలి, జిగురు కావాలి, పనిముట్లు కావాలి, ఖాళీ సమయం కావాలి. పొద్దున లేస్తే కూలికి పోయే ఇంట్లో పిల్లవాడికి ఇవి ఎక్కడివి? ఇష్టం, నేర్పు కూడా అందులో ఉన్నాయి, కాదనం. కానీ ఆ ఇష్టం పుట్టడానికీ వస్తువు చేతికి అందాలి కదా. యోగ్యత అని రాసుకున్న అంకెలో బాల్యం కూడా కలిసి ఉంది.

ఇక మన దేశం సంగతి. హైదరాబాదు పక్కన దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. అక్కడ పైలట్ శిక్షణకు చేరాలంటే ముందు సెలక్షన్ బోర్డులో పైలట్ యోగ్యతా పరీక్ష నెగ్గాలి. చాలాకాలం ఇందులో మూడు భాగాలు ఉండేవి. మొదటిది డయల్స్ చూసి ఎత్తు, వేగం, విమానం వాలు చెప్పే రాతపరీక్ష. రెండోది చేతికర్ర, కాలి పెడల్స్ కలిపి వాడి తెరమీద కదిలే చుక్కను మధ్యలో నిలిపే పరీక్ష. మూడోది కదిలిపోయే చుక్కలను గురిచూసి తాకే పరీక్ష. 2010 తర్వాత వీటి స్థానంలో కంప్యూటర్ పద్ధతి వచ్చింది. మారనిది ఒక్కటే: ఈ పరీక్ష జీవితంలో ఒకేసారి. తప్పితే పైలట్ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. ఇంట్లో జాయ్‌స్టిక్ పట్టుకుని ఆటలాడినవాడు, పట్నం కోచింగులో నమూనా యంత్రం మీద చెయ్యి తిప్పుకున్నవాడు, సర్కారు హాస్టల్ నుంచి వచ్చి అదే గదిలో మొదటిసారి ఆ కర్ర పట్టుకున్నవాడు - ముగ్గురికీ అదే ఒక్క అవకాశం. దీన్ని సమానత్వం అంటున్నారు.

కన్ను, చెయ్యి, కాలు కలిపి పనిచెయ్యడం మనోళ్లకు కొత్తా? గుంటమగ్గంలో కాళ్లు తొక్కుడుకర్రల మీద, చేతులు నాడె మీద, చూపు పోగు మీద ఉంటాయి. తెలుగునాట ముతకబట్ట నేసిన మాలలు తరతరాలుగా చేసిన పని ఇదే. ఆ నేర్పును కులవృత్తి అన్నారు, యంత్రం ముందు కూర్చుంటే ప్రతిభ అన్నారు. మగ్గం నేసినవాళ్ల పిల్లలంతా పైలట్లవుతారని దీనర్థం కాదు. లోపం చేతుల్లో లేదు, ఆ చేతులకు అందిన వస్తువుల్లో ఉంది అని మాత్రమే.

అందుకే పరీక్షకు తయారవడాన్ని ఒక్కొక్కరి సొంత తంటాగా వదిలేయకూడదు. రాబిన్స్ మైదానం ఒక్కడు వేసింది కాదు. పైలట్ కావాలనుకునే పిల్లలకు ఇంటర్లో లెక్కలు, ఫిజిక్సు ఉండాలని పదో తరగతిలోనే చెప్పాల్సింది మన టీచర్లు. డయల్ చదవడం, ఇంగ్లీషులో ఇచ్చే సూచనలు వెంటనే అర్థం చేసుకోవడం నోటుపుస్తకంతోనే మొదలుపెట్టొచ్చు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో కర్ర, పెడల్స్ ఉన్న నమూనా యంత్రాలు పెట్టాలని విద్యార్థి సంఘాలు అడగాలి. జీవితంలో ఒక్కసారే అనే నిబంధన పోవాలి. పోయేదాకా, అసలు పరీక్షకు ముందు ప్రతి అభ్యర్థికీ అదే యంత్రం మీద ఉచితంగా సాధన చేసే వీలుండాలి. ఎవరెవరు రాశారు, ఎవరెవరు నెగ్గారు అన్న లెక్క కులాలవారీగా బయటపెట్టాలి. ప్రతిభ గురించి వాళ్లతో వాదన ఆ లెక్క ముందు పెట్టుకుని చేద్దాం.