ఆపరేషను బల్ల ముందు మన సంఘస్థులు
(బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల అనుభవములు)



నయమాను చరిత్ర మనలో తెలియనివారు లేరు. అంతటి సేనాధిపతికి, నిన్ను బాగుచేయగలవాడు ఫలానాచోట ఉన్నాడని చెప్పినది రాజు కాదు, మంత్రి కాదు. అతని ఇంట పనిచేసే, చెరపట్టబడి వచ్చిన ఒక చిన్నపిల్ల. రోగి తనను బాగుచేసేవారిని ఎలా కనుగొంటాడంటే ఆనాడైనా ఈనాడైనా జవాబు ఒక్కటే: ఎవరో చెప్పగా విని. ఆ చెప్పినవారు ఎవరు, ఎందుకు చెప్పారు, వారి మాట ఎంతవరకు నమ్మదగినది అన్నదే అసలు సంగతి.

ఈ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయముల చరిత్ర, పాఠశాలల చరిత్ర, మిషనెరీల చరిత్ర రాసే పెద్దలు ఉన్నారు. మేము రాయబూనినది వేరొక చరిత్ర. ఆసుపత్రి వరండాలలో చాపలు పరచుకొని కూర్చున్న మన తల్లుల, తండ్రుల చరిత్ర. ఏ సర్జను దగ్గరకు వెళ్ళాలి, వెళ్ళి ఏమని అడగాలి అనే విషయములో మనవారు పడిన అవస్థ, నేర్చుకొన్న పాఠములు పిల్లలకు చెప్పకపోతే వారు మళ్ళీ మొదటినుండి నేర్చుకోవలసి వస్తుంది. ఆ చదువుకు ఫీజు చాలా ఎక్కువ.

కోత అంటే చావు అనుకొన్న రోజులు

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరగార్లు బందరులో దిగేనాటికి ప్రపంచములో ఎక్కడా మత్తుమందుతో ఆపరేషను చేసే పద్ధతి స్థిరపడలేదు. ఈథరు 1846లో, క్లోరోఫారము 1847లో వాడుకకు వచ్చాయి. లిస్టరు దొర పుండు కుళ్ళకుండా చేసే విధానమును 1867లో ప్రకటించాడు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారని అంటారు. అప్పటికి గాయము కడిగే సరియైన పద్ధతి కూడా లోకానికి తెలియదన్నమాట.

మరి కోత అవసరమైతే మనవారు ఎవరి దగ్గరకు వెళ్ళేవారు? గడ్డలు కోయడానికి మంగలి, కాన్పుకు మంత్రసాని. కంటి శుక్లానికి ఊరూరా తిరిగే సూదివైద్యులు ఉండేవారు. వారు శుక్లాన్ని సూదితో కంటి లోపలికి నెట్టేవారు. వెంటనే వెలుతురు కనిపించేది. రోగి ఆనందముతో ధాన్యమో, డబ్బో ఇచ్చేవాడు. వైద్యుడు పొరుగూరికి సాగిపోయేవాడు. కొన్నాళ్ళకు కన్ను చీము పట్టి చాలామందికి ఉన్న చూపు కూడా పోయేది. అప్పటికి అడగడానికి మనిషి ఉండడు.

ఈ ముచ్చట పాతదే కాని పాఠము పాతబడలేదు. ఆపరేషను అయిన వారానికి రోగి చెప్పే సాక్ష్యము వేరు, ఏడాదికి చెప్పే సాక్ష్యము వేరు. సర్జను సంగతి విచారించేటప్పుడు రెండవదాన్ని అడగవలెను.

మిషను ఆసుపత్రులు, వరండా సాక్ష్యములు

డాక్టర్ అన్నా కుగ్లరు అమ్మగారు 1883లో కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరుకు వచ్చారు. ఆసుపత్రి తెరచినది 1898లో. ఈ పదిహేనేళ్ళూ ఆమె ఇళ్ళకు వెళ్ళి చూస్తూ, డిస్పెన్సరీలో మందులిస్తూ స్త్రీల నమ్మకము సంపాదించుకొన్నారు. నమ్మకము కట్టడము కన్న ముందు కట్టవలసి వచ్చింది. ఆమె వైద్యము వలన మేలు పొందిన ఏలూరు రాజా భుజంగరావుగారు రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రము కట్టించారు. ఒక కుటుంబము పొందిన మేలు వందల కుటుంబములకు దారి చూపినదన్నమాట.

మన ప్రాంతానికి దగ్గరలో కెనడియన్ బాప్టిస్టు మిషను వారి ఆసుపత్రులు ఉయ్యూరులోను, ఆకివీడులోను వెలశాయి. ఆకివీడు ఆసుపత్రికి స్టార్ ఆఫ్ హోప్ అని పేరు. అక్కడ డాక్టర్ పెర్ల్ చ్యూట్ అమ్మగారు సేవ చేశారు. అది వేరే మిషను, మనది వేరే మిషను అని మన పెద్దలు చూడలేదు. కడుపులో గడ్డకు మిషను భేదము తెలియదు గదా!

కాలువల మీద పడవలే దారులుగా ఉన్న రోజులవి. రోగిని పడవలో పడుకోబెట్టి, బియ్యము, కుండలు, వంటచెరుకు వేసుకొని ఇంటిల్లిపాదీ బయలుదేరేవారు. ఆసుపత్రి ఆవరణలోనే పొయ్యి పెట్టి వండుకొనేవారు. అక్కడ ఒక వార్డు రోగి మరొక వార్డు రోగితో మాట్లాడేది. "కుట్లు విప్పేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది, అంతే అమ్మా" అని ఒకామె, "మత్తు దిగాక వాంతి అవుతుంది, భయపడకు అక్కా" అని ఇంకొకామె. బైబిలు స్త్రీలు వరండాలో వాక్యము చదివేవారు, వచ్చిన భయస్థులకు ఈ ధైర్యమూ చెప్పేవారు. తిరిగి వచ్చాక దేవాలయములో కృతజ్ఞతార్పణ. ఆ సాక్ష్యము విని మూడవ వరుసలో కూర్చొని ఏళ్ళుగా బాధ దాచుకొన్న మరొక స్త్రీ లేచి వచ్చేది. మన సంఘములలో రోగులు ఒకరికొకరు దారి చూపిన తీరు ఇది.

ఆ స్త్రీలు లేడీ డాక్టరు కోసమే ఎందుకు వెతికారో నేటి పిల్లలకు అర్థము కాకపోవచ్చును. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, పురుష వైద్యుడు వద్దని, ప్రసవవేదన పడుతున్న తమ భార్యల కోసం ఐడా స్కడరు అమ్మగారిని రమ్మన్నారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ రాత్రి నుండి పుట్టినదే వేలూరు సేవ. 1902లో అక్కడ షెల్ ఆసుపత్రి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల వెలశాయి. నేటికీ మన జిల్లావారు కష్టమైన కేసు అనగానే "వేలూరు తీసుకువెళ్ళండి" అనడములో ఇంత చరిత్ర ఉన్నది.

మత్తుమందు భయము పోవడానికీ మన తెలుగునేల సాయపడినది. హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889 సంవత్సరములలో జరిగిన క్లోరోఫారము పరీక్షలు ప్రపంచమంతటా చర్చకు వచ్చాయి. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టి ఉండవలెనని లారీ గట్టిగా చెప్పాడు. గుండె మాటేమిటన్న వాదము తరువాత కూడా సాగింది. మనకు కావలసిన పాఠము ఇది: కత్తి పట్టేవారెంత ముఖ్యమో మత్తు ఇచ్చేవారూ అంత ముఖ్యము.

రైలు వచ్చె, కాలేజీలు వచ్చె

1908లో గుడివాడ మీదుగా బెజవాడ–బందరు రైలు రావడముతో ప్రయాణము సులువైనది. మద్రాసులో చదివిన మన తెలుగు డాక్టర్లు పట్టణములలో ప్రాక్టీసు పెట్టారు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరులో వైద్యము చేసి, తరువాత దానిని విడిచి దేశసేవకు వెళ్ళినవారే. విశాఖపట్నములో 1923లో, గుంటూరులో 1946లో, విజయవాడలో 1980లో వైద్య కళాశాలలు వచ్చాయి. 2023లో మన బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది.

మధ్యలో 1977 నవంబరు 19వ తేదీ వచ్చింది. దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా పోయారు. ఆ దినములలో సర్జను ఎవరు, చదువేమిటి అని విచారించే తీరిక ఎవరికున్నది? ఎవరు వచ్చి కట్టు కడితే వారే దేవదూత. ఎంచుకొనే వ్యవధి ఉండడము కూడా దేవుడిచ్చిన భాగ్యమేనని ఆనాడు తెలిసింది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, పేదవాడు కూడా పెద్ద ఆసుపత్రి మెట్లెక్కగలిగాడు. ఇది గొప్ప మేలు. అయితే ఎక్కువ తలుపులు తెరచుకొన్నప్పుడు, ఏ తలుపు తట్టాలో తెలియడము మరింత అవసరమైనది.

మా ఇంట జరిగినది

ఇది రాయడానికి మేము చాలాసార్లు కలము పట్టి మానుకొన్నాము. మా ఇంటి ఆడపడుచుకు 31 ఏళ్ళ వయస్సున తెల్లబట్ట, నడుమునొప్పి. ఊళ్ళో మందులిచ్చే ఆయన ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. "గర్భసంచి తీయకపోతే క్యాన్సరు అవుతుంది" అన్నారు. మేము హడలిపోయాము. పరీక్ష ఏది, రిపోర్టు ఏది అని అడగలేదు. మందులతో తగ్గదా అని అడగలేదు. కాగితము చూపిస్తే ఆమె వేలిముద్ర వేసింది, సాక్షి సంతకము మేము పెట్టాము. ఆమె ఏదో అడగబోతే "డాక్టరుగారికి తెలియదా, నువ్వూరుకో" అన్నది మేమే.

ఏడాది తిరగకముందే ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల నొప్పులు. వేరొక లేడీ డాక్టరుగారు కాగితాలు చూసి, అండాశయాలు కూడా తీసివేశారని, ఇందులో క్యాన్సరు సూచన ఏమీ కనబడడము లేదని, ఆ బాధకు ముందు మందులు వాడి చూడవలసిందని చెప్పారు. ఆ రోజు మా ఆడపడుచు ఏడవలేదు. "అన్నయ్యా, ఆ రోజు నన్ను ఒక్క మాట అడగనిస్తే బాగుండేది" అన్నది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశములో 3.2 శాతముంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతమున్నారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకములను రాష్ట్రములు అమలు చేయవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకుముందే, 2008లో, ఢిల్లీలో జరిగిన ఒక కేసులో, పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన స్త్రీకి ఆమె అనుమతి లేకుండా గర్భసంచి తీయడము తప్పని, తల్లి ఒప్పుకొన్నా అది చాలదని అదే కోర్టు తీర్పు చెప్పింది. అనుమతి ఇవ్వవలసినది ఎవరి శరీరమో వారే. మా ఇంట మేము మరచిన సంగతి ఇదే.

సంఘస్థులు చెప్పిన మాటలు

ఆపరేషన్లు చేయించుకొన్నవారితో మాట్లాడగా తేలిన మాటలు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

1. తొందర ఉన్న జబ్బు, తొందర లేని జబ్బు వేరుచేయండి. కుడివైపు పొత్తికడుపులో వచ్చే "ఇరవైనాలుగు గంటల నొప్పి", లోపలికి పోని గిలక, ఆగని రక్తస్రావము: వీటికి దగ్గరలో ఉన్న మంచి ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. ఇతర వాటికి సాధారణముగా రెండవ డాక్టరును అడిగే వ్యవధి ఉంటుంది.

2. తీసుకువెళ్ళే మనిషికి అందులో ఏమైనా ముడుతుందేమో చూడండి. కమీషను తీసుకొనే నోరు నిజము చెప్పదు.

3. సర్జనుగారిని మర్యాదగా ఇవి అడగండి: నా జబ్బు పేరేమిటి? ఆపరేషను చేయకపోతే ఏమవుతుంది? మందులతో తగ్గుతుందా? మీరే చేస్తారా, ఇంకెవరైనానా? ఇటువంటివి ఎన్ని చేశారు? మత్తు ఎవరిస్తారు? మొత్తము ఖర్చెంత? మంచి సర్జను ఈ ప్రశ్నలకు కోపపడడు. కోపపడితే అదీ ఒక జవాబే.

4. మనమూ నిజము చెప్పాలి. షుగరు, బి.పి., చుట్ట, సారా, వాడిన నాటుమందు ఏదీ దాచకూడదు. దాచినది మత్తులో బయటపడితే ప్రాణము మీదికి వస్తుంది.

5. కాగితము చదివించుకొన్న తరువాతే సంతకము. సంఘములో చదువుకొన్న యౌవనస్థులు ఈ సేవకు తోడు వెళ్ళవలెను.

6. డిశ్చార్జి కాగితము, రిపోర్టులు, బిల్లులు భద్రపరచండి. రోగి అడిగితే 72 గంటలలో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలో ఉన్నది. రుసుము తీసుకొని చేసే వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

7. ఫలితము చెడినదని డాక్టరు మీద చేయి చేసుకోవద్దు. చెడిన ప్రతి ఆపరేషనూ తప్పు చేసిన ఆపరేషను కాదు. అర్థరాత్రి లేచి వచ్చి మన పిల్లలను బ్రతికించినవారూ వారే.

ఒక్క మాట ప్రార్థన గురించి. స్వస్థత ప్రార్థన చేయించుకొన్నాము గనుక ఆపరేషను వద్దని ఆలస్యము చేసి నష్టపోయినవారు మనలో ఉన్నారు. సువార్త రాసిన లూకా వైద్యుడే గదా. పన్నెండేళ్ళు రక్తస్రావముతో అనేక వైద్యుల చేత బాధపడి, ఉన్నదంతా ఖర్చుపెట్టిన స్త్రీ కథ ఆయన సువార్తలోనూ ఉన్నది. ప్రభువు ఆమెను నిందించలేదు. గుంపు మధ్యలో నిలబెట్టి ఆమె సంగతి ఆమె నోటనే చెప్పనిచ్చాడు. మేము మా ఆడపడుచుకు ఇవ్వనిది అదే.

కాబట్టి మా మనవి ఇది. మన కృతజ్ఞతా కూడికలలో బాగుపడినవారితోపాటు నష్టపోయినవారు కూడా లేచి తమ అనుభవము చెప్పుకొనే చోటు ఉండవలెను. ఆ చిన్నపిల్ల మాట వినబట్టే నయమాను బాగుపడ్డాడు. రాబోయే నూరేండ్లలో మన సంఘములు ఒకరి మాట ఒకరు వినే సంఘములుగా ఉండునట్లు దేవుడు కృప చూపును గాక. ఆమేన్.