గచ్చిబౌలి స్టేడియం – ఫుట్‌బాల్ నేపథ్యం

హైదరాబాద్‌లోని గచ్చిబౌలి స్టేడియానికి 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మృతి చెందిన లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టడం జరిగింది. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007 ప్రపంచ సైనిక క్రీడలకు ఈ ప్రాంగణం వేదికైంది. అథ్లెటిక్స్ మైదానం కనుక ట్రాక్ అవతల నుంచే ప్రేక్షకులు ఫుట్‌బాల్ వీక్షించవలసి ఉంటుంది.

ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రవేశించిన హైదరాబాద్ ఎఫ్.సి. 2019 నవంబర్ 2న ఇచ్చట తొలి మ్యాచ్ ఆడి, కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలుపొందింది. కోవిడ్ కారణంగా తదుపరి రెండు సీజన్లు గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న అదే కేరళ జట్టును ఫటోర్డాలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి లీగ్ విజేతగా నిలిచింది. సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ అయినా ఆడని సీజన్‌లోనే ఆ ఘనత దక్కడం విశేషం. 2022-23లో పోటీలు తిరిగి గచ్చిబౌలికి వచ్చాయి. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నది.